జావా నుంచి పోస్ట్‌గ్రెస్‌కు ఎన్ని కనెక్షన్లు తెరవాలి?

కృష్ణాతీరం:
8 కోర్ల ఉబుంటు లినక్స్ సర్వరులో పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఉంది. జావాను డేటాబేసుకు కలిపే జేడీబీసీ ద్వారా దాన్ని వాడే మా జావా ప్రోగ్రాము నాలుగు ప్రతులుగా నడుస్తోంది. ఒక్కో ప్రతికి హికారీ పూల్‌లో (కనెక్షన్లను తెరిచి ఉంచి, పదేపదే వాడుకోనిచ్చే లైబ్రరీ) 30 కనెక్షన్లు ఇచ్చాము. రద్దీ పెరిగితే చాలు, క్లయింట్లు మించిపోయారంటూ డేటాబేసు తిప్పికొడుతోంది. డేటాబేసులో కనెక్షన్ల పరిమితిని 500 చేద్దామని కొందరు, పూల్‌నే తగ్గించమని కొందరు అంటున్నారు. ఏది సరి?

వేపచెట్టు:
పెంచండి. 30 చొప్పున నాలుగంటే 120. పోస్ట్‌గ్రెస్ మామూలు పరిమితి 100, అందులో 3 సూపర్‌యూజరుకు, అంటే నిర్వాహకుడికి. మెమరీ ఉండగా వచ్చినవాళ్లను గుమ్మంలో నిలబెట్టడం దేనికి?

రాతికోట:
లెక్క సరే, మందు తప్పు. పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ లినక్స్‌లో విడిగా ఒక ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. 500 క్వెరీలు ఒకేసారి మీదపడితే 8 కోర్లు వాటి మధ్య తిరగడంతోనే అలసిపోతాయి. పైగా ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా వేసే లాకుల కోసం పెనుగులాట. పోస్ట్‌గ్రెస్ వికీ చెప్పే ఆరంభ లెక్క చూడండి: కోర్లకు రెట్టింపు, దానికి డిస్కుల సంఖ్య కలపాలి. మీకు ఒకే డిస్కు ఉంటే 17. అదీ నాలుగు ప్రతులకూ కలిపి! హికారీ కూడా మనం ఏమీ చెప్పకపోతే 10 దగ్గరే ఆగుతుంది.

వేపచెట్టు:
వికీ లెక్కను నమ్మి మేము ఒకసారి 5కు దించాము. కనెక్షన్ దొరక్క, 30 సెకన్లు ఎదురుచూసి మరీ పనులు విఫలమయ్యాయి. ఆ సమయంలో డేటాబేసు సీపీయూ దాదాపు ఖాళీ! చిన్న పూల్ మంచిదని అందరికీ చెప్పే ముందు ఇలాంటివి కూడా చెప్పాలి.

రాతికోట:
మీరు చెప్పినదాంట్లోనే ఆనవాలు ఉంది. పూల్ నిండి, డేటాబేసు ఖాళీగా ఉందంటే ఎవరో కనెక్షన్ పట్టుకుని వేరే పని చేస్తున్నారు. పోస్ట్‌గ్రెస్‌లో ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీలో ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ (ట్రాన్సాక్షన్, అంటే ఒక్కటిగా పూర్తికావాల్సిన పనుల గుంపు, తెరిచి ఖాళీగా కూర్చున్నవి) అని ఎన్ని వరుసలు కనిపిస్తున్నాయో చూడండి. హికారీలో లీక్ డిటెక్షన్ పెడితే, కనెక్షన్‌ను ఎక్కువసేపు వదలని చోటును లాగులో చూపిస్తుంది.

కృష్ణాతీరం:
చూశాను. అలాంటివి చాలానే ఉన్నాయి. ట్రాన్సాక్షన్ తెరిచి ఉండగానే ఎస్సెమ్మెస్ సేవను పిలుస్తున్నాము. అటునుంచి జవాబు వచ్చేదాకా కనెక్షన్ మా చేతిలోనే. ఆ పిలుపును కమిట్ (ట్రాన్సాక్షన్‌ను ఖరారు చేసి ముగించడం) తర్వాతకు మార్చి, ఒక్కో ప్రతికి 5 ఇచ్చి చూస్తాను.

వేపచెట్టు:
ఆ మార్పు నాకూ సమ్మతమే. కానీ రాత్రి నడిచే పెద్ద నివేదికలకు వేరే పూల్ పెట్టండి. అవి ఐదింటినీ పట్టుకుంటే మిగతా పనులన్నీ ఆగుతాయి. మేము దెబ్బతిన్నది అక్కడ కూడా.