షికాగో ‘ఐఐటీ’: ప్రైవేటు అనగానే తీసిపారేయాలా?

మిర్యాలగూడ తండ్రి:
మా అబ్బాయికి షికాగోలోని ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎం.ఎస్. సీటు వచ్చింది. ఐఐటీ అనగానే సంబరపడిన చుట్టాలు, ప్రైవేటుదని తెలిసి పెదవి విరుస్తున్నారు. “డబ్బు కడితే ఎవరికైనా ఇస్తారు” అని మా బావమరిది తేల్చేశాడు. పొలం తాకట్టు పెట్టి పంపాలి. తెలిసినవారు చెప్పండి.

నల్లగొండ అధ్యాపకుడు:
మీ బావమరిదిని తప్పుపట్టను. ఫీజు రీయింబర్స్‌మెంటు రోజుల్లో మన రోడ్ల పక్కన లేచిన కాలేజీలనూ, ఆ తర్వాత వాటిలో కొన్నింటికి పడిన తాళాలనూ చూసినవారికి ప్రైవేటంటే అదే గుర్తొస్తుంది. షికాగో కథ వేరు. అన్ని వర్గాల పిల్లలకూ సాంకేతిక విద్య నేర్పే సంస్థ కావాలని 1890లో గన్సాలస్ అనే పాస్టరు చర్చిలో ప్రసంగిస్తే, మాంసం వ్యాపారి ఫిలిప్ ఆర్మర్ డబ్బిచ్చాడంటారు. 1893లో ఆర్మర్ ఇన్‌స్టిట్యూట్ తెరుచుకుంది. 1940లో లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌ను కలుపుకొని ఇప్పటి పేరు పెట్టుకుంది. మన ఖరగ్‌పూర్ ఐఐటీ మొదలైంది 1951లో! ధైర్యంగా పంపండి.

కొల్లాపూర్ వాసి:
డబ్బు ఎవరిదో చెప్పారు, నేల ఎవరిదో చెప్పలేదు సార్. అక్కడ మెక్కా ఫ్లాట్స్ అనే పెద్ద భవనం ఉండేది. 1892లో కట్టారు. తర్వాతి కాలంలో నల్లజాతి కుటుంబాలు అందులో కాపురమున్నాయి. సంస్థ దాన్ని కొని, అద్దెకున్నవారు ఏళ్ల తరబడి అడ్డుపడినా, 1952లో కూల్చేసింది. ఆ స్థలంలోనే మీస్ వాన్ డెర్ రోహె అనే వాస్తుశిల్పి గీసిన క్రౌన్ హాల్ 1956లో లేచింది. గాజు గోడలు, పైకప్పును మోసే నాలుగు ఉక్కు దూలాలు, లోపలి హాలులో ఒక్క స్తంభమూ లేదు. గొప్ప కట్టడమే.
మా ఊరు కృష్ణ నీళ్లలో మునిగింది. వేసవిలో నీరు తీసినప్పుడు నాయనమ్మ ఒడ్డున నిలబడి వేలు చూపేది: అదిగో మన గడప, అదిగో చింతమొద్దు. ఆ నీళ్లతో ఎందరి పొలాలో పండాయి, కాదనను. పంటను పొగిడేవారు గడప ఊసెత్తకపోతే మాత్రం కడుపు మండుతుంది.

నల్లగొండ అధ్యాపకుడు:
మీ బాధ న్యాయమైనది. నేను దాటవేసి ఉండకూడదు. అయితే దాన్ని ప్రైవేటు అన్న మాటకు కట్టలేం. 1965లో అదే నగరంలో క్యాంపస్ తెరిచిన ప్రభుత్వ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కోసం ఇటాలియన్, గ్రీకు కుటుంబాల పేటలు ఖాళీ అయ్యాయి. నగరం నడుమ చదువుల నిలయం పెరగాలంటే ఎవరిదో ఒకరి ఇల్లు పోతోంది.

కొల్లాపూర్ వాసి:
అందుకే ఎవరి ఇల్లు పోయిందని అడగాలంటున్నాను. అన్నగారూ, అబ్బాయిని పంపండి, చదువు మంచిదే. పొలం మాత్రం తాకట్టు పెట్టకండి. బ్యాంకులో విద్యారుణం అడగండి, హామీ కావాలంటే ఇంకేదైనా చూపండి. పాసుపుస్తకం మీ బీరువా దాటనివ్వకండి. నేల పోయిన ఇల్లు ఎలా ఉంటుందో నేను చూశాను.