సాంబ మసూరిలో జన్యువు సవరించారు, సంచి మీద ఆ మాట రాయాలా అక్కర్లేదా?

పశ్చిమ_డెల్టా:
2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు జన్యు సవరణ వరి రకాలు ప్రకటించారు. ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారుచేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, కమల అని కూడా పేరు పెట్టారు. రెండోది ఢిల్లీ పూసా సంస్థవాళ్ల పూసా డీఎస్‌టీ రైస్ 1. మొదటిది మన బాపట్ల సాంబ మసూరి (బీపీటీ 5204) నుంచి, రెండోది మారుటేరు కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) నుంచి పుట్టాయి. రెండూ మన రకాలే, మనల్ని మాత్రం ఎవరూ అడగలేదు. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయకు 2009లో, అలాంటి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ అనుమతి ఇచ్చాక కూడా, అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో జనం మాట విని, 2010 ఫిబ్రవరి 9న దాన్ని ఆపేశారు. వంకాయకు అంత చేసి, రెండు పూటలా తినే బియ్యం సహా జన్యు సవరణ పంటలకు 2022 మార్చిలోనే, బయటి జన్యువు మిగలకపోతే చాలు, జన్యుమార్పిడి పంటల అనుమతులు అక్కర్లేదని మినహాయింపు ఇచ్చేశారు. తినాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది, కానీ ఏం తింటున్నామో సంచి మీద ఉండాలి కదా. దీనికి అభ్యంతరం ఏంటో చెప్పండి.

రాజేంద్రనగర్_విద్యార్థి:
బీటీ వంకాయనీ దీన్నీ ఒకే గాటన కట్టకండి సార్. బీటీలో మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువు తెచ్చి పెట్టారు, మొక్కే పురుగును చంపే ప్రోటీన్ తయారుచేస్తుంది, కాబట్టి దాని మీద అన్ని పరీక్షలూ అడగడం న్యాయమే. కమలలో బయటి నుంచి వచ్చి మిగిలింది ఏమీ లేదు. వరిలో ముందే ఉన్న సీకేఎక్స్2 అనే జన్యువును సవరించారు, అంతే. ఆ జన్యువు సైటోకైనిన్ అనే హార్మోన్‌ను కరిగించేసే ఎంజైమ్‌ను తయారుచేస్తుంది. ఎంజైమ్ తగ్గితే హార్మోన్ నిలుస్తుంది, వెన్నులో గింజలు ఎక్కువ పడతాయి. దిగుబడి 19 శాతం ఎక్కువ, కోత దాదాపు 20 రోజులు ముందు అని సంస్థ చెబుతోంది. సాంబ మసూరి దీర్ఘకాలిక రకం, చివర్లో కాలువ కట్టేస్తే ఆఖరి తడి కోసం ఎంత టెన్షన్ పడతారో మీ డెల్టా వాళ్లకు నేను చెప్పాలా? గామా కిరణాలు పెట్టి జన్యువులను ఎక్కడ పడితే అక్కడ మార్చిన రకాలు దశాబ్దాలుగా తింటున్నాం, వాటి సంచి మీద ఏమీ రాయమని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఒక్క చోట గురిచూసి చేసిన మార్పుకే ముద్ర వేస్తే జనం దాన్ని ప్రమాద హెచ్చరిక అనుకుంటారు.

వరంగల్_పత్తి:
తమ్ముడూ, నీ సైన్స్‌తో నాకు గొడవ లేదు. మాకు చెలక మీద పత్తి, చెరువు కింద వరి. బీటీ పత్తి 2002లో వచ్చింది. మొదట వచ్చిన మూడు హైబ్రిడ్లతో మా జిల్లాలో చాలామంది దెబ్బతిన్నారు, 2005లో వాటిని ఆంధ్రప్రదేశ్‌లో ఆపేశారు కూడా. తర్వాత వచ్చినవి పచ్చపురుగును బాగానే ఆపాయి, మందు కొట్టడం తగ్గింది, అది అబద్ధమని నేను అనను. కానీ ధర చూడు. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 పైన అమ్మారు, 2006లో రాష్ట్ర ప్రభుత్వమే గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్‌కు వెళ్లి కొట్లాడితే 750కి దిగింది. అంటే అన్నేళ్లూ మేం కట్టింది విత్తనం ఖర్చా, టెక్నాలజీ పేరు మీద వసూలా? ఆ తర్వాత గులాబీ పురుగు రెండో తరం బీటీ పత్తి బీజీ-2కి కూడా అలవాటుపడింది. పురుగు అలా అలవాటుపడకుండా చేను చుట్టూ వేయమని ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ గింజలు ఇచ్చేవారు, ఎందుకు వేయాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు మా దగ్గర లేరు, చాలామంది పారేశారు. మళ్లీ మందు డబ్బాలే దిక్కయ్యాయి, పైగా బీజీ-3 అని పేరు పెట్టి గడ్డిమందును తట్టుకునే, అనుమతి లేని పత్తి గింజలు లూజుగా అమ్ముతున్నారు, మొలవకపోతే అడగడానికి బిల్లు కూడా ఉండదు. పత్తి విత్తనం ఏటా కొనాల్సిందే. వరికి ఆ బాధ లేదు, బీపీటీ గింజ ఇంట్లో దాచుకుంటాం, పక్కవాళ్లతో మార్చుకుంటాం, 2001 నాటి పంట రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా రైతుకు ఆ హక్కు ఇచ్చింది. ఇప్పుడు జన్యువులు సవరించే ఈ క్రిస్పర్ పద్ధతి మీద పేటెంట్లు విదేశీ సంస్థల దగ్గర ఉన్నాయి. ఆ ఫీజు ఎవరు కడతారు, గింజ దాచుకోవచ్చా లేదా, ఇది కాగితం మీద చెప్పమను. సంచి సంగతి తర్వాత చూద్దాం.

డాలస్_తెలుగు:
ఇక్కడ 2022 జనవరి 1 నుంచి బయోఇంజినీర్డ్ అని రాయడం తప్పనిసరి. మొక్కజొన్న, సోయా చాలావరకు జన్యుమార్పిడివే కాబట్టి చిప్స్ ప్యాకెట్ల మీద ఆ మాట కనిపిస్తూనే ఉంటుంది, నాకు తెలిసినవాళ్లు ఎవరూ అది చూసి కొనడం మానలేదు. వద్దనుకునేవాళ్లు నాన్ జీఎంవో, అంటే జన్యుమార్పిడి లేనిది అనే గుర్తు ఉన్నది వెతుక్కుంటారు. రాస్తే జనం హడలిపోతారు కాబట్టి రాయొద్దు అనే వాదన నాకు నచ్చలేదు.

మిల్లు_మిర్యాలగూడ:
రాయమంటే రాస్తాం, కానీ ఏం రాయాలో ఎలా తెలుస్తుందండీ? మిల్లుకు వచ్చే సన్నధాన్యంలో బీపీటీ ఉంటుంది, తెలంగాణ సోనా ఉంటుంది, జై శ్రీరామ్ ఉంటుంది, బస్తా చూసి, గింజ చూసి కొంటాం. బయట సోనా మసూరి అని అమ్మే సంచుల్లో ఏ రకం ఎంత ఉందో చాలామంది వ్యాపారులే చెప్పలేరు. బీటీ గింజైతే పరీక్ష పట్టీ పెడితే ఆ ప్రోటీన్ తెలిసిపోతుంది. ఇందులో బయటిది ఏమీ లేదని పైన ఆ అబ్బాయే చెప్పాడు, మరి లారీ దిగిన ధాన్యాన్ని మేం దేనితో పట్టుకోవాలి? ఇంకో మాట, జీఎం (జన్యుమార్పిడి) తిండి తినం అంటున్నవాళ్లు పత్తి గింజ నూనె సంగతి కూడా ఆలోచించాలి. మన పత్తి దాదాపు అంతా బీటీనే, ఆ నూనె వంటల్లో కలుస్తోంది, ఆ చెక్కే బర్రెలకు పెడుతున్నాం. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వచ్చే సోయా నూనె కూడా అలాంటి గింజల నుంచే.

పశ్చిమ_డెల్టా:
నూనెకు రాయలేదు కాబట్టి బియ్యానికీ వద్దు అనకండి, నూనెకూ రాయమనండి. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021 నవంబరు ముసాయిదాలోనే జీఎం పదార్థం 1 శాతం, ఆపైన ఉంటే లేబుల్ మీద చెప్పాలని పెట్టింది. విద్యార్థి గారికి ఒక ప్రశ్న. ఎండాకు తెగులు తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని ఇదే వరి సంస్థ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి ఏ సవరణా లేకుండా, మామూలు సంకరంతోనే 2008లో ఇచ్చారు కదా. ఆ దారి ఉండగా ఈ తొందర ఎందుకు?

రాజేంద్రనగర్_విద్యార్థి:
మంచి ఉదాహరణే, కానీ అది ఎలా వచ్చిందో చూడండి. తెగులును తట్టుకునే ఎక్స్‌ఏ21 లాంటి జన్యువులు వేరే వరుల్లో దొరికాయి. వాటితో సంకరం చేసి, మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలిపి, కావాల్సిన జన్యువు ఉందో లేదో చూపే డీఎన్‌ఏ గుర్తులతో (మార్కర్లతో) ఏరుకుంటూ వచ్చారు, అలా చేయకపోతే అన్నం రుచి, గింజ సన్నదనం పోతాయి. దానికి ఏళ్లు పడుతుంది. సవరణలో మిగతా సాంబ మసూరి అలాగే ఉంటుంది, మార్చాల్సిన చోటే మారుతుంది. కాలువ నీళ్లు నమ్మకం లేని రోజుల్లో 20 రోజులు తగ్గే సన్నరకాన్ని ఏళ్ల తరబడి ఆపమనడం నాకు సరికాదనిపిస్తుంది. మిల్లు గారు చెప్పింది నిజం, బియ్యం దగ్గర పట్టుకోవడం దాదాపు అసాధ్యం. కానీ విత్తన సంచి మీద రకం పేరు ఎలాగూ ఉంటుంది, పక్కనే జన్యు సవరణ అని రాస్తే నాకేం అభ్యంతరం లేదు. లైసెన్సు షరతులు బయటపెట్టాలని వరంగల్ అన్న అడిగింది కూడా న్యాయమే, జనం డబ్బుతో చేసిన విత్తనం అది.

వరంగల్_పత్తి:
అయితే విత్తన సంచి దగ్గర మొదలుపెట్టండి, నాకు సమ్మతమే. లైసెన్సు కాగితం కూడా దానితో పాటే రావాలి. అది చూసేదాకా మా చెరువు కింద మడిలో బీపీటీనే వేస్తాను.