చర్చ: ఆసుపత్రి లెక్కల్లో రోగి సొంత ఊరు తప్పనిసరిగా ఉండాలా?

తిరువూరు రోడ్ (చర్చ మొదలుపెట్టినవారు)
మాది ఎ.కొండూరు మండలం. మా తండాల్లో కిడ్నీ జబ్బుల సంగతి ఎన్టీఆర్ జిల్లాలో తెలియనివాళ్లు లేరు. మా మేనమామకు డయాలసిస్ మొదలైన కొత్తలో వారానికి మూడుసార్లు మైలవరం మీదుగా బెజవాడ తీసుకెళ్లేవాణ్ని. మిషన్ మీద నాలుగు గంటలు, బస్సులో రానూపోనూ దాదాపు అంతే. చీటీ రాసే కౌంటరు దగ్గర అడ్రసు అడిగితే పటమటలో ఉన్న పిన్ని ఇంటి అడ్రసు చెప్పేవాళ్లం. ఫోన్ నంబరూ ఆవిడదే. ఏదన్నా అవసరమైతే తొందరగా దొరికేది ఆవిడే కదా. అలా ఏడాదంతా కాగితాల్లో మా మామయ్య విజయవాడ మనిషి అయిపోయాడు.

మిషన్లు ఎక్కడ పెట్టాలి, డాక్టర్లను ఎక్కడ వేయాలి అన్నది లెక్కలు చూసే తేల్చాలని అంటున్నారు. నేనూ అదే అంటాను. కానీ వైద్యం జరిగిన చోటు లెక్క చూస్తే డబ్బు మళ్లీ బెజవాడకే, గుంటూరుకే పోతుంది. మనిషి ఏ ఊళ్లో ఉంటున్నాడు, ఏ నీళ్లు తాగుతున్నాడు, ఆ లెక్క కావాలి. ప్రైవేటుతో సహా ప్రతి ఆసుపత్రీ రోగి పేరు లేకుండా, సొంత ఊరూ జబ్బూ నెలనెలా జిల్లా వైద్యాధికారికి, అంటే డీఎంహెచ్‌ఓకి పంపడం తప్పనిసరి చేయాలి. ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి.

వన్‌టౌన్ బెజవాడ
నేను ఒప్పుకోను. తండాలకు కృష్ణా నీళ్లు కావాలని తెలియడానికి నెలనెలా కాగితం కావాలా? తెలిశాక కూడా ఏళ్లు పట్టింది. లోటు లెక్కల్లో లేదన్నా, ఖర్చుపెట్టడంలో ఉంది. లెక్కలు తేలేలోపు మనిషి పోతాడు.

సత్యనారాయణపురం మాస్టారు
వన్‌టౌన్ బాబూ, ఎ.కొండూరు సంగతి నీకు తెలుసు, ఎందుకంటే పేపర్లో వచ్చింది. పేపర్లో రాని ఊరి మాటేమిటి? నేను గణాంక శాఖలో ముప్పయ్యేళ్లు పనిచేశాను, అందుకే కాస్త వివరంగా చెబుతాను. 2022 ఏప్రిల్ 4న మన 13 జిల్లాలు 26 అయ్యాయి. రక్తహీనత, బీపీ, కాన్పులు జిల్లాలవారీగా లెక్కగట్టిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత మన రాష్ట్రంలో 2019లో జరిగింది. అందులో పల్నాడు లేదు, బాపట్ల లేదు, ఎన్టీఆర్ జిల్లా లేదు. మాచర్ల తల్లీ మంగళగిరి తల్లీ ఒకే సగటులో ఉన్నారు. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి రావాలంటే సగం రోజు దారిలోనే పోతుంది. ఇద్దరికీ కలిపి తీసిన ఆ సగటు చూసి ఎవరికి ఏం కడతాం? జనాభా లెక్కలా, 2011వి. వెయ్యికి ఎంతమంది అని చెప్పాలంటే భాగించే అంకే పాతది.

ఆసుపత్రులు నెలనెలా లెక్కలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ హెచ్‌ఎంఐఎస్ ఉంది కదా అంటారు. అది ఆసుపత్రి పేరు మీద పడే లెక్క, రోగి ఊరి మీద కాదు.

లక్ష్మీపురం గుంటూరు
ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, 2007 నుంచి ఉంది. కార్డులో ఊరు ఉంటుంది. ఆ క్లెయిములు ఊళ్లవారీగా పేర్చుకుంటే చాలదా మాస్టారూ?

సత్యనారాయణపురం మాస్టారు
చాలదండీ. పథకం జాబితాలో ఉన్న చికిత్సకే క్లెయిము. చేతి డబ్బు కట్టుకున్నవాడు, ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని ఇంటికెళ్లినవాడు అందులో కనపడరు.

ఏఎన్‌ఎం, తెనాలి వైపు
అయ్యా, ఈ లెక్కలు రాసేది నేను. గర్భిణులకు ఆర్‌సీహెచ్, టీకాలకు యు-విన్, బీపీ షుగర్లకు ఎన్‌సీడీ యాప్, జ్వరాలకు ఐహెచ్‌ఐపీ. ఇవి కాక రిజిస్టర్లు. సర్వర్ రాకపోతే రాత్రి పిల్లల అన్నాలయ్యాక ఫోన్ పట్టుకుని కూర్చుంటాను. సాయంత్రంలోపు ఇంత శాతం అయిపోవాలని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తే ఎంత టెన్షనో మీకు తెలీదు. సిగ్గుపడుతూనే ఒక మాట చెప్తున్నాను. అలాంటి రోజుల్లో బీపీ మిషన్ పెట్టకుండానే 120/80 కొట్టిన సందర్భాలున్నాయి. ఆ అంకె చూసి మా ఊళ్లో బీపీ ఉన్నవాళ్లు తక్కువనుకుని మాత్రల ఇండెంటు తగ్గిస్తే, ఆ తప్పులో నా చెయ్యి ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు.

లెక్కలు వద్దనడం లేదు. ఇన్నేళ్లుగా పైకి పంపినదాంట్లో "మీ ఊరి పరిస్థితి ఇదమ్మా" అని ఒక్క కాగితం వెనక్కి రాలేదు. వస్తే మేమే సరిచూస్తాం. ఫలానా వీధిలో షుగరు ఇంతమందికి అంటే తప్పో ఒప్పో మాకు చూడగానే తెలుస్తుంది. కొత్త ఫారం పెట్టేముందు పాతవి రెండు తీసెయ్యండి.

కొత్తపేట ల్యాబ్
ప్రైవేటు వైపు నేను చెప్తాను. వివరాలు పంపితే తనిఖీలు వస్తాయని యజమానుల భయం. కానీ కుదరదనడం తప్పు. 2012 నుంచి టీబీ ప్రైవేటులో తేలినా ప్రభుత్వానికి చెప్పాల్సిందే. టీబీ రోగుల ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో ఎక్కిస్తూనే ఉన్నాం.

వన్‌టౌన్ అన్నా, 2025లో మా గుంటూరు పక్కనే తురకపాలెంలో మనుషులు వరుసగా పోయారు. సంగతి బయటికొచ్చాక వైద్య బృందాలు వచ్చి ఊరందరికీ రక్తపరీక్షలు చేశాయి. మెలియాయిడోసిస్ అనుమానం అన్నారు. అది మామూలు జ్వరంలాగే మొదలవుతుంది, కల్చర్ చేస్తే, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూస్తే తప్ప తేలదు, షుగర్ ఉన్నవాళ్లను ఎక్కువగా పట్టుకుంటుంది. ఇలాంటి జబ్బులో ఒక్కో డాక్టరుకు కనిపించేది ఒక్క రోగే. ఒకే ఊరి నుంచి వరసగా వస్తున్నారన్నది చీటీలన్నీ ఒకచోట చేరితేనే తెలుస్తుంది. పోయినవాళ్లను లెక్కపెట్టుకునేదాకా ఆగకూడదన్నా.

వన్‌టౌన్ బెజవాడ
ఇది నేను ఆలోచించలేదు. జ్వరాలకైతే ఒప్పుకుంటాను. పడకలు, మిషన్ల విషయంలో నా మాట అదే. లెక్క ఇంకా రాలేదని చెప్పి పనులు ఆపుతారు.

తండా ఆడపడుచు
నాదీ ఎ.కొండూరు మండలమే. మా తండా పేరు టీవీలో వచ్చాక మా చెల్లికి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. అబ్బాయి తరఫువాళ్లు కట్నం గురించి కాదు, మా నీళ్ల గురించి అడిగారు. పేరు తీసేస్తాం అంటున్నారు. వంద గడపల తండాలో "ముప్పై ఏళ్ల ఆడమనిషి, డయాలసిస్" అని రాస్తే పేరు రాసినట్టే. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చిందట. మా గుమ్మం దాకా వస్తుందా అన్నా అది?

తిరువూరు రోడ్
చెల్లెమ్మా, అక్కడివాణ్నై ఉండి కూడా ఇది తట్టలేదు నాకు. నా మాట మారుస్తున్నాను. ఊరి పేరు పీహెచ్‌సీ డాక్టరుకు, డీఎంహెచ్‌ఓకు మాత్రమే కనపడాలి. బయటికి మండలం లెక్కే. వయసు వద్దు. మేడం అన్నట్టు, ఆ లెక్క నెల తిరక్కుండా ఏఎన్‌ఎం చేతికి రావాలి. కొత్త ఫారం కూడా అక్కర్లేదు, చీటీలో ఇప్పటికే ఉన్న అడ్రసు గడిలో నిజం రాస్తే చాలు. వన్‌టౌన్ అన్నా, పనులు ఆపుతారన్న భయం నాకూ ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మామయ్యను నెలకోసారి కిడ్నీ డాక్టరుకు చూపించడానికి ఇప్పటికీ బెజవాడే వస్తాం. వచ్చే మంగళవారం చీటీలో మా ఊరి పేరే రాయిస్తాను.

ఏఎన్‌ఎం, తెనాలి వైపు
ఫోన్ నంబరు కూడా మార్పించు నాయనా. లేకపోతే మెసేజ్‌లన్నీ పిన్నికే పోతాయి.