శిశుగృహం నుంచి వచ్చిన పాపకు మాపై నమ్మకం కుదిరేదెలా?

మేము దత్తత తీసుకున్న పాప 14 నెలల వయసు వరకు శిశుగృహంలో, షిఫ్టులవారీగా మారే ఆయాల చేతుల్లో పెరిగింది. ఇప్పుడు మూడేళ్లు నిండాయి. కిందపడి మోకాలు చెక్కుకుపోయినా ఏడవదు, మా వైపు చూడదు. తానే లేచి, గౌను దులుపుకుని మళ్లీ ఆటలో పడుతుంది. బంధువులు బుద్ధిమంతురాలని మెచ్చుకుంటున్నారు గానీ, మొదటిసారి ఇంటికి వచ్చినవారి చంకలోకి కూడా ఏ బెరుకూ లేకుండా వెళ్లిపోతుంటే నాకు దిగులుగా ఉంటుంది.

రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనంలో 136 మంది అనాథాశ్రమ పిల్లలను పరిశీలించారని, వారిలో రెండేళ్లలోపే పెంపుడు కుటుంబాలకు చేరినవారికి, ఆలస్యంగా చేరినవారికంటే భద్రమైన అనుబంధం ఎక్కువగా ఏర్పడిందని చదివాను. పాప ఆ వయసులోపే మా ఇంటికి రావడం నాకు పెద్ద ధైర్యం. అయితే మొదటి ఏడాది లోటును తర్వాతి ఏళ్ల ప్రేమ ఎంతవరకు పూడ్చగలదో, రేపు స్నేహాల్లో, దాంపత్యంలో ఇతరులను నమ్మడానికి అది సరిపోతుందో లేదో తెలుసుకోవాలని ఉంది.

ఇలాంటి పిల్లలను పెంచినవారు, స్వయంగా దత్తతకు వచ్చి పెరిగినవారు దయచేసి చెప్పండి. నొప్పి కలిగినప్పుడు బిడ్డ మీ దగ్గరకు రావడం ఎలా మొదలైంది? ఈ జూన్‌లో బడిలో చేర్చవచ్చా, ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచుకోవడం మేలా? ముందుగా పిల్లల వైద్యులను కలవాలా, శిశు మనస్తత్వ నిపుణులనా?