ప్లూరిపోటెంట్‌కి ‘బహు’ సరిపోతుందా?

అందరికీ నమస్కారం. గుంటూరులో ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. వచ్చే వారం మూలకణాల (స్టెమ్ సెల్స్) గురించి తెలుగులో ఓ గంట మాట్లాడాలి. ఒంట్లో దాదాపు ఏ రకం కణమైనా కాగల మూలకణాన్ని ఇంగ్లీషులో ప్లూరిపోటెంట్ అంటారు, ఆ మాట దగ్గర బండి ఆగిపోయింది. ఫోన్లో కృత్రిమ మేధను అడిగితే ‘బహుళశక్తి కాండ కణాలు’ అంది. శక్తి అనగానే పిల్లలకు కరెంటూ, కేలరీలూ గుర్తొస్తాయి. కాండం మరీ ఘోరం! ఇంగ్లీషు ‘స్టెమ్’ వెనక ఉన్నది 1868లో జీవశాస్త్రవేత్త హెకెల్ వాడిన జర్మన్ మాట. అందులోని ‘ష్టామ్’కి చెట్టు బోదె అనే కాదు, వంశం అనే అర్థమూ ఉంది. అందుకే పత్రికల్లో నిలబడిన ‘మూలకణం’ నాకు సమ్మతమే.

చిక్కంతా ‘బహు’తోనే. లాటిన్‌లో ప్లూరి, మల్టీ రెండూ పెక్కు అనే చెబుతాయి. కానీ ఎముక మజ్జలోని మల్టీపోటెంట్ కణం రక్తకణాల రకాలే ఇస్తుంది. ప్లూరిపోటెంట్ అయితే గుండె, నరం, చర్మం, ఒంట్లో ఏ కణమైనా అవుతుంది, మాయ (ప్లసెంటా) తప్ప. ఫలదీకరణం చెందిన అండం మాయతో సహా అన్నీ ఇస్తుంది, అది టోటిపోటెంట్. మూడింటికీ ‘బహు’ అంటే ఎలా? మీకు తోచిన మాట కింద రాయండి.

లంక రైతుబిడ్డ: మా తోటలో టిష్యూ కల్చర్ అరటే సార్. పిలక మొవ్వులోంచి చిటికెడు ముక్క తీసి మొక్కలకు మొక్కలే చేస్తారు. ‘సర్వ’ అనే మాట అలా మొత్తం ఇచ్చేదానికే, మీ టోటిపోటెంట్ కణానికే ఉంచండి.

సత్యనారాయణపురం: మాయ తప్ప అన్నీ ఇస్తుందా! మా తాతగారు వింటే వేదాంతం మొదలుపెట్టేవారు.

బెజవాడ అమ్మాయి: బెంగళూరులో కొన్నాళ్లు ప్లూరిపోటెంట్ కణాలు పెంచాను. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనక ఎలుక కణాల్లోకి 4 జన్యువులు పంపి మూలకణ దశకు వెనక్కి తిప్పారు, మరుసటి ఏడాది మనిషి కణాల్ని. 2012లో నోబెల్ వచ్చింది. ఇలాంటివాటిని పుస్తకాల్లో ‘ప్రేరిత’ (ఇండ్యూస్డ్) అంటారు గానీ, ఎవరో రెచ్చగొట్టినట్టుంటుంది. నేనైతే ‘వెనక్కి తిప్పిన కణం’ అంటాను. రోజూ మైక్రోస్కోపు కింద గుంపుల్ని చూసి, అంచు చెదిరి వేరే రకంగా మారుతున్నవాటిని గీకి పారేయాలి. కళ్లు పోయేవి. ఇప్పుడు ఆ ఫొటోలతో నేర్పిన కృత్రిమ మేధ, రంగు వేయకుండానే దారి తప్పినవాటిని పట్టేస్తోంది. మేం ల్యాబులో అన్నది ‘దారి తప్పింది’ అనే, పుస్తకాల్లోలా ‘విభేదనం’ (డిఫరెన్షియేషన్) అని ఒక్కరూ అనలేదు.

బ్రాడీపేట: టోటి, ప్లూరి, మల్టీలకు వరుసగా సర్వసమర్థ, బహుసమర్థ, మితసమర్థ అంటే? మజ్జ కణానికి ‘మిత’ అతుకుతుంది.

(పోస్టు రాసినవారు): ‘మిత’ బాగుంది మాస్టారూ, తీసుకుంటున్నాను. ‘దారి తప్పింది’ కూడా. అయితే గుండె కణం కావాలని మనమే మార్చినప్పుడు దారి తప్పినట్టా, దారిలో పడినట్టా అమ్మా?

బెజవాడ అమ్మాయి: అప్పుడు ‘దారి పట్టించాం’ అనేవాళ్లం సార్.