‘మా కొరకు ప్రార్థించండి’: ఇక్కడ ‘మన’ ఎందుకు కుదరదు?

ప్రశ్న (నరసాపురం నుండి ఒక సభ్యురాలు)

సభ్యులందరికీ నమస్కారం. అక్టోబరు జపమాల మాసం కావడంతో మా పేటలో సాయంత్రాలు ఇంటింటా జపమాల చెప్పుకుంటున్నాం. సత్యోపదేశం తరగతికి వచ్చే ఒక అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. యేసు తల్లి మరియమ్మతో చెప్పే మంగళవార్త జపంలో “పాపాత్ములమైయుండెడు మా కొరకు” అంటున్నాం కదా, మరియమ్మ మనందరికీ తల్లి అయినప్పుడు “మన కొరకు” అంటే ఇంకా బాగుండదా అని. వ్యాకరణరీత్యా దీనికి ఏమని జవాబు చెప్పాలి? ఇంకొక సందేహం కూడా ఉంది. పక్కింటి వదినగారు, బ్రదరన్ అనే ప్రొటెస్టెంటు సంఘానికి చెందినవారు, “మీరు మరియమ్మను ప్రార్థిస్తారు” అంటుంటారు. మేము “ప్రార్థించండి” అని ఆమెను అడుగుతున్నాం. ఈ రెండూ ఒకటేనా?

జవాబు (పాలకొల్లు నుండి)

అమ్మా, ఆ పిల్లకు వచ్చిన సందేహం లాటినులో ఈ జపం చెప్పేవారికి రాదు. అక్కడ ‘నోబిస్’ అనే ఒక్క మాట మాకూ మనకూ కూడా సరిపోతుంది. సంస్కృతంలో ‘అస్మాకమ్’ కూడా అంతే. తెలుగులో మాత్రం, వింటున్నవారిని కలుపుకొంటే ‘మన’, కలుపుకోకపోతే ‘మా’ అనక తప్పదు గనుక, ఈ జపాన్ని తెలుగులోకి తెచ్చినవారు రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చింది. వారు ‘మా’ను ఎంచుకున్నారు. అదే సరైనదని నా దృఢమైన అభిప్రాయం.

మంగళవార్త జపానికి రెండు భాగాలున్నాయి. మొదటి భాగం లూకా సువార్త మొదటి అధ్యాయంలోని రెండు పలకరింపుల కూర్పు: 28వ వచనంలో గాబ్రియేలు దూత పలికినది, 42వ వచనంలో ఎలిజబెతమ్మ పలికినది. “దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము” అని మొదలై యేసును స్తుతించడంతో ముగిసే ఈ భాగంలో మనం అడిగేది ఏమీ లేదు. అడగడమంతా రెండవ భాగంలోనే ఉంది: “పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని యొక్క మాతా, పాపాత్ములమైయుండెడు మా కొరకు ఇప్పుడును మా మరణ సమయమందును ప్రార్థించండి.” ఐదవ పయస్ పోపుగారు 1568లో వెలువరించిన ప్రార్థనల గ్రంథంతో ఈ రెండవ భాగానికి ఇప్పటి రూపం స్థిరపడింది. ఇళ్ళలో జపమాల చెప్పేటప్పుడు పెద్దలొకరు మొదటి భాగం చెప్పి ఆగగానే, మిగిలినవారంతా “పరిశుద్ధ మరియమ్మా” అని అందుకుంటారు. పూస మీద వేలు కదలకుండానే గొంతు మారుతుంది, పొగడ్త కాస్తా విన్నపమవుతుంది.

ఇప్పుడు ఆ విన్నపంలోని మాటలను చూద్దాం. “పాపాత్ములము” అనే రూపం చూడండి. ‘మేము పాపాత్ములము’, ‘మనము పాపాత్ములము’ రెండూ సాధువులే, ఎందుకంటే చివరి ‘ము’ మాకూ మనకూ సమానంగా వస్తుంది; ‘మేము వస్తాము, మనము వస్తాము’ అన్నప్పుడు క్రియ కూడా ఇంతే. కనుక వాక్యం మొత్తంలో ఆ తేడాను మోస్తున్నది ‘మా’ అనే ఒక్క అక్షరమే. దాన్ని ‘మన’గా మార్చితే, ఎవరిని పిలిచి అడుగుతున్నామో ఆమె కూడా ప్రార్థన అవసరమైన పాపాత్ములలో చేరిపోతుంది. మరియమ్మ జన్మపాపం లేకుండా ఉద్భవించిందని కతోలికులు నమ్ముతారు. దీన్ని తొమ్మిదవ పయస్ పోపుగారు 1854లో విశ్వాస సత్యంగా ప్రకటించారు. అయితే ఒక జాగ్రత్త అవసరం. ‘మా’ అన్నంత మాత్రాన ఎదుటివారు పాపరహితులని రుజువు కాదు, ఎందుకంటే పక్కింటివారిని “మా కొరకు ప్రార్థించండి” అని అడిగినా ‘మా’ అనే అంటాం. వ్యాకరణం చెప్పేది ఇంతే: అడిగేవారు ఒక వైపు, అడిగించుకొనేవారు మరొక వైపు ఉన్నారని. మిగిలినది విశ్వాసం చెబుతుంది.

తమిళంలోనూ మలయాళంలోనూ ఈ భేదం ఉంది, అక్కడ కూడా మన తోవలోనే నడిచారు. వేళాంగణి వెళ్ళి వచ్చినవారు తమిళ జపంలో ‘ఎంగళుక్కాగ’ అనడం విని ఉంటారు. ‘ఎంగళ్’ అంటే మా, ‘నమ్’ అంటే మన.

మీరు ఆ అమ్మాయికి ఇంకొకటి కూడా చూపించవచ్చు. ఆమె తన స్నేహితురాలితో మాట్లాడేటప్పుడు “మరియమ్మ మన కొరకు ప్రార్థిస్తారు” అనే అంటుంది, ఎందుకంటే అప్పుడు ఎదురుగా వింటున్నది స్నేహితురాలు. రోమీయులకు రాసిన లేఖ 8:34లో క్రీస్తు “మనకొరకు” విజ్ఞాపన చేస్తున్నాడని ఉండడం కూడా ఇందుకే. అక్కడ పౌలు విశ్వాసులతో మాట్లాడుతున్నాడు. జపంలో ‘మా’ నిలిచిందంటే అక్కడ ఒకరిని ముఖాముఖిగా పిలిచి మాట్లాడుతున్నామని అర్థం. అందుకే ‘మరియమ్మా’ అనే సంబోధనలోని దీర్ఘాన్ని వేగంగా చెప్పేటప్పుడు మింగకూడదు, అచ్చులోనూ విడిచిపెట్టకూడదు. “నిండిన మరియమ్మ వందనము” అని హ్రస్వంగా, కామా లేకుండా వేస్తే, మరియమ్మ చేసిన వందనం అనే అర్థం రావడానికి అవకాశముంది.

ఇక మీ రెండవ సందేహం. ‘కొఱకు, కై’ చతుర్థీ విభక్తి అని చిన్నయసూరి వ్యాకరణం చదివినవారందరికీ గుర్తే; ‘మా కొరకు’లో ప్రార్థన ఎవరి కోసమో అది చెబుతుంది. ‘మరియమ్మను ప్రార్థించుట’లో మరియమ్మ కర్మ, ‘మరియమ్మా, ప్రార్థించండి’లో ఆమె కర్త. ఆమె ఎవరిని ప్రార్థించాలో చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది, ఆ కర్మస్థానంలో దేవుడున్నాడు. ఒకరు పేర్లు వరుసగా చెబుతుంటే ప్రజలు జవాబు పలికే ప్రార్థనామాలలో ఇది ఇంకా స్పష్టం. దేవుని పేరు వచ్చినంతసేపూ ప్రజలు దయ చూపమని అడుగుతారు. మరియమ్మ పేరు, పునీతుల (పరలోకంలో ఉన్న పవిత్రుల) పేర్లు మొదలవగానే జవాబు మారి “మా కొరకు ప్రార్థించండి” అవుతుంది. ఆ మార్పును ఎవరూ పొరపాటున కూడా తారుమారు చేయరు. పునీత జోజప్పగారినైనా అంతోనిగారినైనా దయ చూపమని కాక, మా పక్షాన అడగమనే కోరుతారు. మీ పక్కింటి వదినగారి బైబిలులోనే యాకోబు 5:16లో “ఒకనికొరకు ఒకడు ప్రార్థనచేయుడి” అని ఉంది. అక్కడ ఉన్నదీ ఇదే ‘కొరకు’. ఆమెకు మీకు మధ్య నిజమైన భేదం, ఈ లోకం విడిచినవారిని కూడా అలా అడగవచ్చునా అన్నదొక్కటే. అది విశ్వాసానికి సంబంధించిన చర్చ, దాన్ని విభక్తులు తీర్చలేవు. కానీ ‘మరియమ్మను ప్రార్థిస్తారు’ అనే వాక్యం మాత్రం జపంలో ఉన్న మాటలకు సరిపోదు.

ఒక సభ్యుని అభ్యంతరం (రాజోలు నుండి)

పుస్తకంలోని వాక్యం మీరన్నట్లే ఉంది. కానీ మన వాళ్ళ నోట వచ్చేది “మరియతల్లి నాకు బిడ్డనిచ్చింది”, “గుణదల మాతకు మొక్కుకున్నాను, ఉద్యోగం ఇచ్చింది” అనే కదా. అక్కడ ఇచ్చిన కర్త ఆమే కదా?

జవాబు (పాలకొల్లు నుండి)

అండీ, మీరన్నది నిజం. మార్చి నెలలో గౌరీపట్నం నిర్మలగిరి మరియమాత ఉత్సవానికి వెళ్తే ఆ కొండ మీద వినపడే మాటలు ఎక్కువగా ఇవే. అయితే తెలుగులో మధ్యన నిలిచి మేలు జరిపించినవారిని కర్తగా చెప్పడం మామూలు. మన డెల్టాలో ఏ రైతునడిగినా “కాటన్ దొర నీళ్ళిచ్చాడు” అంటాడు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ కట్టించినదే, నీళ్ళు మాత్రం గోదావరివి. ఆ రైతుకు ఇది తెలియక అలా అనడు. నోటి మాటలో కృతజ్ఞత కర్తను దగ్గరకు లాగుతుంది, దాన్ని తప్పు పట్టనక్కరలేదు. కానీ అచ్చులో, ముఖ్యంగా పిల్లలకు బోధించే పుస్తకాలలో, “మరియమ్మ వేడుదల వలన దేవుడిచ్చాడు” అని పూర్తిగా రాయడం మంచిదని నా అభిప్రాయం. కానా పెళ్ళిలో ఆమె చేసినది కూడా అంతే. ద్రాక్షారసం లేదని కుమారునితో చెప్పింది, ఆయన చెప్పినది చేయమని పనివారితో చెప్పింది. నీటిని ద్రాక్షారసంగా మార్చినవాడు ఆయన.

నరసాపురం సభ్యురాలు

చాలా సంతోషం. మరి మనం నమ్మేవాటిని వరుసగా చెప్పే విశ్వాస సంగ్రహంలోని “పునీతుల సంబంధ ప్రయోజనము” అనే మాటకు కూడా దీనితో పొత్తు ఉందా? పిల్లలకు అది అసలు అర్థం కావడం లేదు.

జవాబు (పాలకొల్లు నుండి)

చాలా దగ్గరి పొత్తు ఉంది. లాటిను మూలంలో ‘కమ్యూనియో సాంక్తోరుమ్’ అని ఉంది. ‘సాంక్తోరుమ్’ అంటే పవిత్రులైనవారి అని గాని, పవిత్రమైనవాటి అని గాని రెండు విధాలా చెప్పుకోవచ్చు. తెలుగు దానిని మనుషులకే అన్వయించి ‘పునీతుల’ అన్నది. ‘కమ్యూనియో’ అనే ఒక్క మాటకు సంబంధము, ప్రయోజనము అని రెండు మాటలు పెట్టింది. పరలోకంలో ఉన్నవారూ, ఉత్తరించు స్థలంలో (మరణించాక శుద్ధి పొందే చోట) ఉన్నవారూ, ఈ లోకంలో ఉన్న మనమూ ఒకే శ్రీసభ (క్రైస్తవ సంఘం) అనేది సంబంధము. ఆ బంధం వల్ల ఒకరి ప్రార్థన మరొకరికి అందుతుందనేది ప్రయోజనము. పునీతులను తమ కొరకు ప్రార్థించమని అడగడం మంచిదీ ఉపయోగకరమైనదీ అని 1563 డిసెంబరులో కతోలిక మేత్రాణుల ట్రెంట్ మహాసభ చెప్పింది. ఆ ‘ఉపయోగకరము’ అనే భావమే మన విశ్వాస సంగ్రహంలోని ‘ప్రయోజనము’లో వినిపిస్తుంది. ఆ సభ దృష్టిలో కూడా వరాలను ఇచ్చేది దేవుడే, అవి అందేది క్రీస్తు ద్వారానే.

పిల్లలకు మాత్రం ఇలా చెప్పి చూడండి: పునీతులతో మాట్లాడేటప్పుడు ‘మేము’, పునీతులను కలుపుకొని మన శ్రీసభ గురించి చెప్పుకొనేటప్పుడు ‘మనము’. తరగతిలో రెండు రకాల వాక్యాలూ వారి చేతనే రాయించండి.