ఆర్కిడ్ గొల్లభామని "మేకవన్నె పులి" అనొచ్చా?

ఆర్కిడ్ (ఒక రకం పూలమొక్క) పేరు పెట్టుకున్న గొల్లభామ ఒకటుంది, పువ్వులా కనిపిస్తూ కీటకాల్ని పట్టి తినే పురుగు. దాని ఫోటో ఒకదాని కింద చాలామంది గోముఖ వ్యాఘ్రం అనీ మేకవన్నె పులి అనీ రాశారు. మంచి మాటలే, కానీ ఈ పురుగుకి సగమే సరిపోతాయనిపిస్తోంది నాకు. పులి మేక వేషం ఎందుకేస్తుంది, మంద తనని గుర్తుపట్టకూడదని, అంతే కదా, ఆ తర్వాత దగ్గరికి వెళ్ళి పట్టుకోవాల్సింది పులే. ఇది అలా కాదండి, కదలకుండా కూర్చుంటుంది, తేనెటీగలే ఎగురుకుంటూ దాని మీదకొచ్చేస్తాయి.

మలేషియా, ఇండోనేషియా వైపు అడవుల్లో ఉంటుందిది. తెలుపో లేత గులాబీయో రంగు, నడిచే నాలుగు కాళ్ళ తొడలూ వెడల్పుగా విచ్చుకుని అచ్చం పూరేకుల్లా ఉంటాయి, ముళ్ళున్న ముందుకాళ్ళు మాత్రం మడిచి ఛాతీకి ఆనించుకుని ఉంటుంది. పూలలో దాక్కుంటుందనే అందరం అనుకుంటాం, కానీ 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో మలేషియాలో దీన్ని పూలు లేకుండా విడిగా పెట్టి చూస్తే కూడా కీటకాలు వచ్చాయి, అదీ అక్కడ పూసే నిజం పువ్వుకి వచ్చినవాటికంటే ఎక్కువ! పేరుకి ఆర్కిడ్ అంటాం గానీ ఫలానా ఆర్కిడ్‌నే కాపీ కొట్టిందని చెప్పడానికి లేదు, తేనెటీగ కంటికి ఏదో ఒక పువ్వు అనిపిస్తే చాలు దానికి.

అందుకే నేనైతే "మాయలేడి" అంటాను. బంగారు ఒళ్ళు, వెండి చుక్కలు, సీత కంట పడాలనే కదా మారీచుడు ఆ రూపం వేసింది. దాక్కోవడం కాదు, కనపడటమే దాని పని.

జవాబు:
మాయలేడి బాగుందండి, కానీ మారీచుడు ఎర మాత్రమే, వేటగాడు రావణుడు, పైగా చివరికి చచ్చింది ఆ లేడే. ఇక్కడ ఎరా వేటగాడూ ఒకటే కదా. నాకు బంగారు కడియం పులి గుర్తొస్తోంది. ముసలి పులి చెరువు గట్టున దర్భలు పట్టుకుని కూర్చుని, కడియం దానం ఇస్తా రమ్మని బాటసారిని పిలిచి, వాడు బురదలో దిగబడ్డాక తినేస్తుంది చూడండి, అది. ఆ దర్భలు పట్టిన చెయ్యీ గొల్లభామ మడిచిన చేతులూ కూడా కలుస్తాయి.

జవాబు:
ఒప్పుకుంటున్నానండి, కడియం పులే దగ్గర. ఆ పిలవడం కూడా దీనికి ఉంది, ఇంకా ఎదుగుతున్న పిల్ల పురుగులు తేనెటీగలు తమలో తాము వాడుకునే వాసన పదార్థాల్లాంటివే గాల్లోకి వదులుతాయి, ఆసియా తేనెటీగలు ఆ వాసనకి కూడా వస్తాయి. రూపంతో ఒక ఎర, వాసనతో ఇంకోటి.

ఇంకో సంగతి, గుడ్డు నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లకి ఈ పువ్వు వేషం ఉండదు. నలుపూ ఎరుపూ కలిసి చీమలా ఉంటుంది, చీమల జోలికి పోని జంతువులు దీన్నీ వదిలేస్తాయి. అప్పుడు దానికి సరైన మాట పులితోలు కప్పుకున్న గాడిద. ఒకసారి కుబుసం విడిచాకే తెలుపూ గులాబీ రంగులొస్తాయి, కడియం అప్పుడు చేతికొస్తుంది.